మమ్మల్ని మేమే ఓడించిన సంవత్సరం

ఆ రోజుల్లో కర్నూలులో మనిషికి కోపం తెచ్చుకోవడానికి ఇప్పుడున్నన్ని వసతులు ఉండేవి కావు. పత్రిక మధ్యాహ్నం బస్సులో వచ్చేది. రేడియో ఉన్న ఇల్లు వీధికి ఒకటి ఉంటే గొప్ప. ఎక్కడో ఎవరో చేసిన తప్పుకు ఇక్కడ కూర్చుని ఉడికిపోయే సదుపాయం లేదు కనుక, ఎవరి కోపాన్ని వారు తమ చుట్టుపక్కలే సంపాదించుకుని, దాన్నే ఏళ్ళ తరబడి జాగ్రత్తగా వాడుకోవలసి వచ్చేది. నేను అలా సంపాదించుకున్నవాటిలో చాలా భాగం ఇప్పటికీ నా దగ్గర చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాకు మరపు తక్కువ. ఇది గుణమా జబ్బా అన్నది మా ఇంట్లో ఇంకా తేలలేదు. (నా భార్య జబ్బనే అంటుంది. ఆమె ఆ మాట మొదటిసారి ఎప్పుడు, ఎవరి ముందు అన్నదో కూడా నాకు గుర్తుంది.) ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది, నాకు బాగా ఇష్టమైనది, ఒక చెక్క బోర్డుకు సంబంధించినది.

అప్పుడు నాకు ఇరవై దాటి ఒకటో రెండో ఏళ్ళు. జమ్మలమడుగులో మగ్గాల వీధి నుంచి కర్నూలు వచ్చి ఒక ప్రభుత్వ కార్యాలయంలో నకళ్ళు రాసే గుమాస్తాగా చేరాను. ఇతరుల అర్జీలు, దస్తావేజులు అక్షరం పొల్లుపోకుండా తిరగరాయడం పగటి పని. సాయంత్రం అయిదు కాగానే హంద్రి ఒడ్డున ఉన్న మా ఏటి క్లబ్బుకు పరుగు. క్లబ్బంటే ఏదో ఊహించుకోవద్దు. ఒక రేకుల షెడ్డు, ఒక నీళ్ళ కుండ, నేల చదును చేసే ఇనుప రోలరు, ఒక బాల్ బ్యాడ్మింటన్ కోర్టు, అంతే. ఇప్పటి పిల్లలు ఈకల బంతితో ఆడేది కాదు ఇది. పసుపుపచ్చ ఊలు బంతి, పక్షానికి అయిదుగురు, ఆరుబయట ఆట, ఇరవై తొమ్మిది పాయింట్లు ముందు ఎవరు చేస్తే వాళ్ళది గెలుపు. గాలి ఎటు వీస్తే బంతి అటు పోతుంది. కర్నూలు గాలి సంగతి తెలిసినవారికి ఇంతకన్నా చెప్పనక్కరలేదు.

మా కెప్టెన్ను అందరూ ఇల్లరికం అన్న అనేవాళ్ళు. కడప వైపు రైతు బిడ్డ. కల్లూరులో మగపిల్లలు లేని మామగారింటికి ఇల్లరికం వచ్చి ఆ పొలమంతా తానే చూసుకునేవాడు. ఆ పేరుతో పిలిస్తే ఆయనకు కోపం రాదు. "ఉన్నమాటే కదప్పా" అనేవాడు. ముందు వరసలో దర్జీ భాయి. మిషను మీద నుంచి దిగి నేరుగా కోర్టులోకి వచ్చేవాడు, చొక్కాకు గుచ్చిన సూదులు కూడా తీయకుండా. నాది వెనక వరసలో ఎడమ మూల. బంతి అన్నిటికన్నా తక్కువ వచ్చే మూల అదని కెప్టెన్ లెక్క కట్టి నన్ను అక్కడ నిలబెట్టాడని తర్వాత ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాడితో నేను మళ్ళీ మాట్లాడలేదు.

ఊరి మధ్యలో, పాత కోట బురుజుకు దగ్గరగా, ఇంకో క్లబ్బు ఉండేది. బురుజు క్లబ్బు. అక్కడ ప్లీడర్లు, డాక్టర్లు, తెల్లబూట్లు. వాళ్ళ కోర్టుకు సున్నపు గీతలు, మాకు ముగ్గుపిండి గీతలు. వాళ్ళ కార్యదర్శి ప్లీడరు మామ. ఆయన నాకు గాని, నాకు తెలిసిన ఇంకెవరికి గాని మామ కాదు. కాని ఊరంతా అలాగే పిలిచేది, ఆయనా ఊరందరినీ అల్లుళ్ళనే మందలించేవాడు. ఏటా ఉగాది దాటగానే రెండు క్లబ్బులకూ పోటీ జరిగేది. ఏటా వాళ్ళే గెలిచేవాళ్ళు. ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళకు బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టాలన్నది పద్ధతి. నేను జట్టులో చేరిన తర్వాత మూడేళ్ళు వరసగా పెట్టాము. ప్లీడరు మామ ప్రతిసారీ నా విస్తరిలోనుంచి ఒక బజ్జీ తీసుకుని "మీ ఉగ్గాని మాత్రం ఏటేటికి బాగైతాండాదిరా" అనేవాడు.

నాలుగో ఏడు మేము గెలిచాము. ఎలా గెలిచామన్నది ఉన్నదున్నట్టు చెప్పడం నా ధర్మం. చెరి ఒక ఆట అయి, మూడోదానిలో ఇరవై ఎనిమిదికి ఇరవై ఏడు. సర్వీసు మాది. అవతల నుంచి ఒక తెల్లబూటు డాక్టరు బంతిని నా మొహం మీదికి బలంగా కొట్టాడు. సరిగ్గా అప్పుడే నది ఇసుక లేచింది. నేను కళ్ళు మూసుకుని మొహానికి బ్యాటు అడ్డం పెట్టుకున్నాను. బంతి బ్యాటు కర్రకు తగిలి, పైకి లేచి, వల అంచు మీద కాసేపు ఆలోచించి అవతలికి పడింది. కళ్ళు తెరిచేసరికి దర్జీ భాయి నన్ను ఎత్తుకుని ఉన్నాడు, ఆయన చొక్కా సూది ఒకటి నా భుజంలో ఉంది. (ఆ షాటును నేను ముందే అనుకుని కొట్టానని ఆ తర్వాత కొన్నాళ్ళు చెప్పుకున్న మాట నిజమే. ఎవరూ ఖండించలేదు కనుక అదీ ఒక రకంగా నిజమే.)

మర్నాడే షెడ్డులో ఒక పలక మీద గెలిచిన అయిదుగురి పేర్లు పెయింటుతో రాయించాము. అయిదో పేరు నాది. అదే వారం ఇంటికి జాబు రాశాను. మా నాయనకు చదువు రాదు. పక్కింటి మాష్టారు చదివి వినిపిస్తే, నాయన చెప్పింది ఆయనే రాసి పంపేవాడు. "ఆటలాడేదానికా నిన్ను పంపింది. రేషను కార్డులో తప్ప నీ పేరు ఇంగ యాడన్నా ఉండాదా" అని అంతకుముందు జాబులో నాయన అడిగి ఉన్నాడు. ఆ మాటకు జవాబుగా నేను ఈ పలక గురించి ఒక పేజీ రాశాను. తిరుగు జాబు రెండే వాక్యాలు. "మహానందికి మొక్కుబడి ఉండాది. అది తీర్చుకొని అట్నుంచి అట్లే వచ్చి నీ పేరు చూసి పోతా." మా నాయన మగ్గం గుంటలోనుంచి లేచి ఇంత దూరం రావడమంటే మాటలు కాదు. మొక్కుబడికి ఇంకా ఏడాది గడువుంది కనుక నేను ధైర్యంగా రమ్మన్నాను.

ఆ ఏడాదిలోనే కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధాని అయింది. ఊరికి అది గౌరవమే, కాదనను. కాని వచ్చిన కార్యాలయాలకు కట్టడాలు చాలక, ఖాళీ జాగా కనబడితే గుడారం వేశారు. మా కోర్టు మీద మూడు పడ్డాయి. షెడ్డు విప్పేశారు. మా పేర్ల పలకను ఎవరో అధికారి చెదలు పట్టకుండా తన ఫైళ్ళ కింద పరుచుకున్నాడని దర్జీ భాయి చూసివచ్చి చెప్పాడు. పేర్లు పైకి ఉన్నాయా కిందికి ఉన్నాయా అని అడిగాను. "ఫైళ్ళు తీస్తే కదా తెలిసేది. ఆడ ఫైళ్ళు తీసేటోళ్ళు ఎవరూ లేరు భాయ్" అన్నాడు.

ఆడటానికి చోటు లేక మేము బురుజు క్లబ్బులో కలిశాము. రెండూ ఒకటై కొత్త పేరు పెట్టుకున్నాయి. తెల్లబూట్ల వాళ్ళు మమ్మల్ని మర్యాదగానే చూశారు, మా రోలరును ఇంకా మర్యాదగా చూశారు. క్లబ్బు హాలులో చరిత్ర అంతా రాసిన పెద్ద టేకు బోర్డు ఒకటి పెట్టించాలని, ఒక పెద్ద అధికారి చేత ఆవిష్కరణ చేయించాలని ప్లీడరు మామ తీర్మానించాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. నాయన రావడానికి ఇంకా రెండు నెలలుంది. నకళ్ళు రాసేవాణ్ణి కదా అని పెయింటరుకు ఇవ్వవలసిన ముసాయిదాను శుభ్రంగా రాయమని నాకే ఇచ్చారు. చదివాను. మొదటి వరసలో క్లబ్బు పుట్టిన సంవత్సరం. అది మా ఏటి క్లబ్బు పుట్టిన సంవత్సరం. బురుజు క్లబ్బు కన్నా మేము పదకొండేళ్ళు పెద్ద, అందుకని మాది పెట్టుకున్నారు. ఆ కింద గెలుపులు. మమ్మల్ని ఓడించిన ప్రతి సంవత్సరమూ ఉంది, "స్థానిక జట్టుపై విజయం" అని. మేము గెలిచిన సంవత్సరం మాత్రం లేదు. దాని ముందు ఏడాది దాకా ఉంది, అక్కడితో కాలం ఆగిపోయింది.

ముసాయిదా పట్టుకుని ప్లీడరు మామ దగ్గరికి పోయాను. ఆయన వరండాలో కక్షిదారులతో ఉన్నాడు.

"మామా, ఇందులో ఒక ఏడు తప్పిపోయింది."

"తప్పిపోల్యా. నేనే తీసేసినా. క్లబ్బు ఒకటే కదరా ఇప్పుడు. ఒక క్లబ్బు తన్ను తానే ఎట్ల ఓడిస్తాది? చదివేటోళ్ళు నవ్వరా?"

"మరి మీరు గెలిచినవన్నీ ఉండాయే?"

"అవి స్థానిక జట్టు మీద గెలిచినవి."

"ఆ స్థానిక జట్టు మేమే కద మామా."

"అప్పుడు. ఇప్పుడు మీరు మనోళ్ళు." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూడు అల్లుడా, ఇది దత్తత లాంటిది. మీ క్లబ్బు మాకు దత్తు వచ్చింది. దత్తు వచ్చిన బిడ్డకు పుట్టినింటి గోత్రం ఉండదు, ఆ ఇంటి ఆస్తి ఉండదు, ఆ ఇంటి తద్దినాలు కూడా ఉండవు. ఈ ఇంటోళ్ళ ముత్తాతలే వానికి ముత్తాతలు."

"అట్లయితే మా పుట్టిన సంవత్సరం మీకెందుకు?"

"దత్తు వచ్చేటప్పుడు బిడ్డ మెడలో గొలుసుంటే తీసి పారేస్తామా" అని ఆయన కక్షిదారుల వైపు తిరిగాడు. వాళ్ళు నవ్వారు. ఇద్దరు పెద్దమనుషులు, ఒక ఆడమనిషి. వాళ్ళ మొహాలు నేను ఇప్పటికీ గుర్తుపట్టగలను.

దర్జీ భాయి దగ్గర ఉపాయం సిద్ధంగా ఉంది. "మీ నాయనకు చదువు రాదంటివి కదా. ఏదో ఒక పేరు చూపించు, ఇదే నాదని చెప్పు. బోర్డు నిండా పేర్లే, ఏదైతే ఏముంది." ఆ సలహా నాకు నచ్చలేదు. తప్పు చేస్తే ఒప్పుకునే మనిషిని (ఆ అవసరం ఎప్పుడూ రాలేదు) గాని, నాయనకు ఇంకొకడి పేరు చూపించి నాదని చెప్పేవాణ్ణి కాదు. నేను అర్జీ రాయడానికి కూర్చున్నాను. మొదటి అర్జీ నాలుగు పేజీలు. ప్లీడరు మామ దాని వెనక పక్క టీ ఖర్చులు రాసుకున్నాడు. రెండోది ఆరు పేజీలు. అది ఏమైందో తెలియదు. మూడోది రాస్తుండగా ఇల్లరికం అన్న మా గదికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. దత్తత మాట అప్పటికే ఆయన చెవిన పడింది.

"దత్తు ఎట్లయితాదప్పా? దత్తు అంటే ఇచ్చేటోడు ఉండల్ల, తీసుకునేటోడు ఉండల్ల, హోమం చేయల్ల. మనల్ని ఎవరు ఇచ్చినారు? గుడారాలోళ్ళా?"

"మరి ఏమంటావన్నా?"

"ఇది ఇల్లరికం. నన్ను చూడు. మామ ఇంట్లో ఉండా, మామ చేను దున్నుతాండా, మామకు కొడుకు లెక్కనే. అట్లని మా నాయన ఇంట్లో నా పాలు పోయిందా? పోల్యా. నేను మా నాయన కొడుకు కాకుండా పోయినానా? పోల్యా. మా సీమలో ఇది తాతల నాటి ఆచారం. కోర్టోళ్ళు కూడా ఒప్పుకున్నారు. ఇల్లు మారినాము గాని పుట్టుక మారల్యా."

నేను రాస్తున్న కాగితం చించేసి కొత్తది తీసుకున్నాను. ఆ అర్జీ ఒకటిన్నర పేజీ. నేను జీవితంలో రాసినవాటిలో అన్నిటికన్నా పొట్టిది.

సర్వసభ్య సమావేశం ఆదివారం సాయంత్రం. నలభై మంది దాకా వచ్చారు. నేను లేచి నిలబడి, కుర్చీ వీపు పట్టుకుని, అర్జీ మొదటి నుంచి చివరిదాకా చదివాను. (ఆ కుర్చీ కాలు విరగడం నా వల్ల కాదని, అది అంతకుముందే విరిగి ఉన్నదని మరొక్కసారి మనవి.) ఏటి క్లబ్బు బురుజు క్లబ్బుకు దత్తు పోలేదు, ఇల్లరికం వచ్చింది, కనుక దాని పుట్టింటి చరిత్ర దానిదే అన్నాను. హాలులో కలకలం బయలుదేరింది. మాకు ఇల్లరికం వచ్చిన అల్లుడు మీరైతే, ఇక్కడ పెళ్ళికూతురెవరని ఒక డాక్టరు అడిగాడు. ఎవరూ ఒప్పుకోలేదు. మా కోశాధికారి అయితే బాగుంటాడని ఒకరు అన్నారు. కోశాధికారి లేచి, తనకు బూతులు రావుగాని వచ్చి ఉంటే ఇప్పుడు వాడేవాణ్ణని చెప్పి కూర్చున్నాడు. దర్జీ భాయి, "రోలరు కట్నంగా తెచ్చినాము కదా, ఇంగ పిల్లను చూపించండి" అన్నాడు.

ప్లీడరు మామ నిదానంగా లేచాడు. ఆయన లేస్తే హాలు సద్దుమణిగేది. "దత్తతో ఇల్లరికమో, పేరు ఏదైనా పెట్టుకోండి," అన్నాడు. "ఒక ఇంటికి వచ్చినోడు, ఆ ఇంటి కూడు తింటాండేటోడు, ఆ ఇంటి ఆస్తి అనుభవిస్తాండేటోడు, పాత ఇంట్లో కూడా నాకు హక్కు ఉండాదంటే న్యాయం ఒప్పుకుంటాదా? ఒక కాలు ఈడ, ఒక కాలు ఆడ పెట్టుకుంటే ఎట్లప్పా?"

చప్పట్లు మోగాయి. నా పని అయిపోయిందనుకున్నాను. వెనక వరసలో మాత్రం ఒకాయన చప్పట్లు కొట్టకుండా చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. ఈ మధ్యనే ఊళ్ళో పని మొదలుపెట్టిన కుర్ర ప్లీడరు, బురుజు క్లబ్బు మనిషే.

"ఏమిరా రాసుకుంటాండావు?" అని అడిగాడు ప్లీడరు మామ.

"మీరు చెప్పిందే మామా. ఇంకోసారి చెప్తారా, చివరి మాట అందల్యా. బుధవారం కోర్టులో మన కేసు ఉండాది కదా. ఇల్లరికం పోయిన మీ కక్షిదారుకు పుట్టింట్లో పాలు రావల్లని మీ వాదన. రాదని మా వాదన. మీరు ఇప్పుడు చెప్పినంత బాగా నాకు చెప్పడానికి రాదు. ఈడ నలభై మంది విన్నారు కూడా."

ఆ తర్వాతి నిమిషం నాకు ఇప్పటికీ తియ్యగా ఉంటుంది. ప్లీడరు మామ మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగి, కండువా సర్దుకుని, తన గొంతు తనకే కొత్తగా ఉన్నట్టు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "నేను అవతలి పక్షం ఏమంటుందో ముందు చెప్పినా. ఇప్పుడు అసలు న్యాయం చెప్తాండా. ఇల్లరికం వచ్చినోనికి పుట్టింటి హక్కు పోదు. పోనే పోదు. రాసుకుంటాండావా? ఇది కూడా రాసుకో." తీర్మానం ఆయనే ప్రతిపాదించాడు. ఉభయ క్లబ్బుల చరిత్రను బోర్డు మీద రాయించవలెనని.

అప్పుడు నేను మళ్ళీ లేచాను. ఈ విషయం చెప్పడం నాకు కష్టంగానే ఉంది, అయినా చెప్పాలి. మళ్ళీ ఎవరైనా ఏదో ఒక ఏడు తీసేస్తారేమోనని నా అనుమానం. నకళ్ళు రాసేవాడికి వదులుగా ఉన్న వాక్యం కంటిలో నలుసు లాంటిది. "చరిత్రను" అంటే చాలదు, "చరిత్రను యావత్తు, ఆడినవారి పేర్లతో సహా, ఏదియు విడువక" అని ఉండాలన్నాను. ప్లీడరు మామ నావైపు తిరిగాడు. "నిజంగా ఏదియు విడువకనా?" అని అడిగాడు. "ఏదియు విడువకనే" అన్నాను. "బాగా ఆలోచన చేసుకో అల్లుడా" అన్నాడు. నేను ఆలోచన చేసుకోవడానికి వచ్చినవాణ్ణి కానని, న్యాయానికి వచ్చానని చెప్పాను. ఏకగ్రీవంగా ఆమోదించారు. నేను ఆ రాత్రి సంతోషంతో సరిగ్గా నిద్రపోలేదు.

ముందు చేయించిన టేకు పలక పెయింటరుకు చాలలేదు. ఇంకొకటి అతికించారు. పని అంతా ముసుగులో జరిగింది. ఆవిష్కరణ నాడు అధికారి తెర లాగగానే నేను మొదట మా గెలుపు ఏడాదినే వెతుక్కున్నాను. ఉంది. "గెలిచినవారు" అని, అయిదో పేరు నాది. నా ఛాతీ ఒకసారి పొంగింది. పక్క గడిలో "ఓడినవారు" అని అయిదుగురు తెల్లబూట్ల పేర్లు. అది చదివితే ఛాతీ ఇంకా పొంగింది. ఆ తర్వాత కన్ను ఒక వరస పైకి పోయింది. ముందటి ఏడాది. ఓడినవారు. అయిదో పేరు నాది. ఇంకొక వరస పైకి. ఓడినవారు, నాది. ఇంకొకటి. ఓడినవారు, నాది. ఏదియు విడువలేదు. నా అర్జీకి ముందు నేను ఓడిపోయానని రాతపూర్వకంగా ఎక్కడా లేదు. ఊరు కూడా మరిచిపోయింది. ఇప్పుడు ఎర్ర అక్షరాల్లో మూడుసార్లు, ఒక పెద్ద అధికారి సమక్షంలో. నా పక్కన నిలబడ్డ ఇల్లరికం అన్న తన పేరు కూడా అలాగే ఉన్నా ఏమీ అనుకోలేదు. "ఓడినాము కదప్పా. ఉన్నమాటే" అన్నాడు. దర్జీ భాయి మాత్రం జట్టులో చేరింది గెలిచిన ఏడే కనుక ఒక్కసారే ఉన్నాడు, అదీ గెలిచినవారిలో. ఆయన ఎక్కడా ఓడలేదు.

పదిరోజుల తర్వాత నాయన వచ్చాడు. మహానంది కోనేటిలో మునిగిన చలి ఇంకా వదలలేదని భుజం మీద దుప్పటి కప్పుకునే బస్సు దిగాడు. టీ తాగుదామంటే వద్దన్నాడు. "ముందు ఆ పేరు చూపియ్యి." దారంతా నేను ఒక పథకం వేసుకున్నాను. గెలుపు వరస కిందుగా, సరిగ్గా కంటి ఎత్తుకు ఉంది. అది ఒక్కటి చూపించి, వెనక్కు తిప్పి తీసుకువచ్చేయాలి. ఇది ఇంకొకడి పేరు చూపించడం కాదు కదా, నాదే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

హాలులో దర్జీ భాయి, ప్లీడరు మామ ఉన్నారు. నేను వరస మీద వేలు పెట్టాను. నాయన వంగి, వేలు తీయమని సైగ చేసి, పేరును కొంతసేపు చూశాడు. చీర అంచులో పోగు తెగిందేమోనని చూసే చూపు అది. తర్వాత నిటారుగా నిలబడి మిగతా బోర్డు చూడటం మొదలుపెట్టాడు. నేను "పోదాం నాయనా" అన్నాను. ఆయన వినలేదు. వేలు గాలిలో పెట్టి పైకి జరుపుతున్నాడు.

"ఈడ కూడా ఉండాదే," అన్నాడు. "ఇగో, ఈడ. ఈడ ఇంగొకటి."

"నీకు చదువు రాదు కదా నాయనా, ఎట్ల తెలిసింది?"

"చదవల్ల ఏమిటికిరా? నెల నెలా జాబు కింద రాసి పంపుతాండావు కదా. మాష్టారు పైన అంతా చదివేసి ఇచ్చినాక నేను అదొక్కటే చూస్తాంటి. చీరలో నేసే బుటా మాదిరి ఉంటాది. ఒకసారి కన్ను పడితే పోతాదా?" మళ్ళీ లెక్క పెట్టాడు. "నాలుగు తావుల ఉండాది. నువ్వు ఒకటే అని రాసినావు."

ప్లీడరు మామ లేచి దగ్గరికి వచ్చాడు. ఆ మనిషికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. బోర్డు మీద ఏ గడి ఏమిటో వివరించడానికి ఆయనకు ఒక్క నిమిషం చాలు, పైగా వివరించడమే ఆయన వృత్తి. ఆయన నావైపు ఒకసారి, నాయన వైపు ఒకసారి చూసి, "మీవాడు లేకుంటే ఈ బోర్డే ల్యాదప్పా" అన్నాడు. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. దానితో ఆయన మీద నాకున్న కోపాన్ని కొంత తగ్గించుకోవలసి వచ్చింది. ఇది కూడా ఆయన నాకు చేసిన అన్యాయాల్లో ఒకటిగానే లెక్క వేసుకున్నాను.

నాయన దర్జీ భాయిని, "మీది యాడ సాయిబూ?" అని అడిగాడు. భాయి గెలుపు వరసలో తన పేరు చూపించాడు. నాయన బోర్డంతా మరొకసారి వెతికి, ఇంకెక్కడా కనబడక, ఆయన భుజం తట్టాడు. "ఒకటే ఉండాదా? ఏమనుకోవద్దు. నిదానంగా నీదీ రాస్తార్లే." దర్జీ భాయి తల వంచుకుని, "మీవోడంత యాడ నేను" అన్నాడు. ఆ మాట అన్నందుకు భాయికి నేను ఆ సాయంత్రం ఉగ్గాని, బజ్జీలు పెట్టించాను. గెలిచినప్పుడు కూడా ఓడినవాడిలా తినిపించడం అదొక్కసారే.

మర్నాడు పొద్దున బస్సెక్కించడానికి పోయాను. కిటికీ పక్కన కూర్చున్నాక నాయన పక్క సీటు మనిషితో మాట కలిపాడు. ఎవరో కోవెలకుంట్ల వైపు రైతు. యాడికి పోతాండావు, యాడ నుంచి వస్తాండావు అయిన తర్వాత నాయన నావైపు చూపించి, "మావోడు. ఈడ పెద్ద క్లబ్బులో మావోని పేరు నాలుగు తావుల రాసినారప్పా. మిగిలినోళ్ళవి ఒకటో రెండో" అన్నాడు. ఆ రైతు నన్ను కిందినుంచి పైదాకా చూసి, మంచి ఒడ్డూ పొడుగూ అన్నట్టు తలాడించాడు. నిజానికి ఇల్లరికం అన్నవి కూడా నాలుగు, మా క్లబ్బు పాతకాపు ఒకాయనవి తొమ్మిది ఉన్నాయి. నాలుగులో మూడు ఎందుకు ఉన్నాయో కూడా నాకు తెలుసు. ఎవరు ఏ చిన్న తప్పు మాట్లాడినా అక్కడికక్కడే సరిదిద్దకపోతే నాకు అన్నం సహించేది కాదు. బస్సు కదిలేదాకా కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.

ఆ రెండు క్లబ్బులూ కలిసిన క్లబ్బు కూడా తర్వాత ఇంకేదో దానిలో కలిసిపోయిందని, బోర్డు ఎక్కడ ఉందో తెలియదని విన్నాను. విన్ననాడే అర్జీ రాయడానికి కాగితం తీశాను, పాత అలవాటు. కొత్తవాళ్ళు మా చరిత్రను తమదిగా చెప్పుకుంటున్నారా, చెప్పుకుంటే ఏ హక్కున అని మొదలుపెట్టి సగం పేజీ రాశాను. రాస్తూ రాస్తూ, బురుజు పక్క హాలులో కుర్చీ వీపు పట్టుకుని ఏదియు విడువక అని పట్టుబడుతున్న ఆ గుమాస్తా కుర్రవాడు కళ్ళ ముందుకు వచ్చాడు. వాడికి అడ్డం చెప్పగలిగినవాడు ఆ హాలులో ప్లీడరు మామ ఒక్కడే, ఆయన చెప్పాడు కూడా, వాడు వినలేదు. ఇప్పుడు నేను చెప్పినా వినడు. నవ్వు వచ్చింది. కాగితం మడిచి కిందన సంతకం మాత్రం పెట్టాను. చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను, బుటా మాదిరి ఉంటుందో లేదో అని.